మీ కోపమే వాళ్ల కూలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. నడిరోడ్డు మీద కుర్చీ వేసుకుని వీడియో తీసుకునేవాళ్లు, కదిలే రైలు తలుపు పట్టుకుని వేలాడేవాళ్లు, దారిన పోయే ముసలాయన నెత్తిన నీళ్లు కుమ్మరించి 'ప్రాంక్ అండీ' అని పళ్లికిలించేవాళ్లు రోజుకొకరు కనిపిస్తున్నారు. జనంలో సిగ్గూ బిడియమూ చచ్చిపోయాయి, సమాజం ఇంతగా దిగజారడం మునుపెన్నడూ లేదు అంటున్నారు మీరు. పైగా మీ అక్క కొడుకు, పదహారేళ్లవాడు, 'నేనూ ఒకటి చేస్తా, చూస్తూ ఉండు' అంటున్నాడని టెన్షన్ పడుతున్నారు. వీళ్లకు నాలుగు తగిలిస్తే తప్ప దారికి రారా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు టీవీ వార్తల డెస్క్‌లో పనిచేశాను. ఆ తర్వాత, జనం అప్‌లోడ్ చేసే వీడియోలు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూసే బృందంలో ఉన్నాను. మీకు రోజుకొకటి తగిలే వీడియోలు నాకు షిఫ్టు షిఫ్టుకూ కుప్పలుగా వచ్చేవి. సమాజం దిగజారిందన్న మాటను నేను ఒప్పుకోను. ఇలాంటి చేష్టలు ఇంతగా కళ్ల ముందుకు రావడానికి డబ్బు కట్టేవాళ్లలో మీరూ నేనూ ఉన్నాం. మెచ్చుకునే అభిమానుల కంటే ఛీకొట్టే మన వల్లే వాళ్లకు ఎక్కువ గిట్టుబాటు అవుతుంది. మీ కోపం అన్యాయమని నేను అనడం లేదు. అది ఎవరి జేబులోకి పోతోందో చూడమంటున్నాను.

ముందు 'మునుపెన్నడూ లేదు' సంగతి తేల్చేద్దాం. క్రీ.పూ. 356లో ఎఫెసస్ అనే ప్రాచీన గ్రీకు నగరంలో హెరోస్ట్రాటస్ అనేవాడు ఆర్టెమిస్ దేవాలయాన్ని తగలబెట్టాడు. ఏడు వింతల్లో ఒకటిగా చెప్పుకునే కట్టడం అది. ఎందుకు చేశావంటే, నా పేరు లోకమంతా చెప్పుకోవాలని అన్నాడట. ఆ నగరంవాళ్లు వాణ్ని చంపించి, ఇకమీదట వాడి పేరు ఎవరూ ఎత్తకూడదని కట్టడి చేశారు. థియోపాంపస్ అనే చరిత్రకారుడు మాత్రం ఆ పేరు రాసిపెట్టాడు. వాడు కోరుకున్నది దక్కినట్టే, అందులో ఇప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను.

దగ్గరి కాలానికి వస్తే, 1901 అక్టోబరు 24న యానీ ఎడ్సన్ టేలర్ అనే అమెరికన్ టీచరు పీపాలో కూర్చుని నయాగరా జలపాతం మీద నుంచి కిందికి వచ్చి ప్రాణాలతో బయటపడింది. ఆ రోజు ఆమెకు 63వ పుట్టినరోజు. చివరి రోజుల్లో చేతిలో నాలుగు డబ్బులుంటాయని ఆశపడి చేసిన పని అది. పేరొచ్చింది గానీ డబ్బు రాలేదు. మేనేజరు ఆ పీపాను కూడా ఎత్తుకుపోయాడు. 1921లో పేదరికంలోనే చనిపోయింది. 1924లో ఆల్విన్ 'షిప్‌రెక్' కెల్లీ అనే ఆయన ఒక జెండా కర్ర చివర 13 గంటలు కూర్చున్నాడు. అది చూసి అమెరికాలో ఊరూరా కర్రలెక్కడం మొదలైంది. కొత్తగా వచ్చినవాడు పాతవాడి లెక్క దాటాలి కదా, 1930 నాటికి అట్లాంటిక్ సిటీలో కెల్లీ 49 రోజులు పైనే కూర్చోవాల్సి వచ్చింది. 1939లో హార్వర్డ్ విద్యార్థి ఒకడు పందెం కాసి బతికున్న గోల్డ్‌ఫిష్‌ను మింగాడు. పత్రికల్లో ఫొటో పడింది. కొన్ని వారాల్లోనే వేరే కాలేజీల కుర్రాళ్లు పదుల సంఖ్యలో చేపలు మింగుతూ రికార్డులు చెప్పుకున్నారు. 1974లోనైతే బట్టలు విప్పుకుని జనం మధ్య పరుగెత్తడం ఒక జ్వరంలా పాకింది. ఆస్కార్ వేడుక వేదిక మీదికి కూడా ఒకడు అలాగే వచ్చాడు.

వీటన్నిటికీ అప్పటి పెద్దవాళ్లు అన్న మాట కూడా అదే: కాలం చెడిపోయింది. ఈ అభిప్రాయాన్నే పరీక్షకు పెట్టిన పని ఒకటుంది. మాస్ట్రోయానీ, గిల్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2023లో నేచర్ పత్రికలో ప్రచురించారు. 1949 నుంచి జరిగిన సర్వేలను, కనీసం 60 దేశాలవి, పోగేసి చూశారు. ఏ దేశంలో, ఏ దశాబ్దంలో అడిగినా జనం 'మనుషుల్లో మంచితనం తగ్గిపోతోంది' అనే చెప్పారు. అదే జనాన్ని 'ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవాళ్లు ఎలా ఉన్నారు' అని అడిగితే వచ్చిన జవాబులు మాత్రం దశాబ్దాలు గడిచినా పెద్దగా మారలేదు. ఇంకో తమాషా, సొంతంగా తెలిసినవాళ్ల గురించి అడిగితే పరిస్థితి మెరుగైందనే అన్నారు. చెడిపోయింది ఎప్పుడూ మనకు తెలియనివాళ్లే. చెడ్డ వార్త మన కంట్లో ఎక్కువగా పడటం, పాత చెడు జ్ఞాపకాల వాడి కాలంతో తగ్గిపోవడం, ఈ రెండూ కలిసి ఆ భ్రమను తయారుచేస్తాయని వాళ్ల వివరణ. నాకు అది సరైనదిగానే తోస్తుంది. మీ వీధిలో, మీ ఆఫీసులో, మీ బంధువుల్లో ఎంతమంది రైలు తలుపుకు వేలాడుతున్నారో మీరే లెక్కపెట్టుకోండి.

అలాగని ఏమీ మారలేదంటే అది కూడా అబద్ధమే అవుతుంది. కెల్లీ ఎంతసేపు కర్రమీద కూర్చున్నా, పత్రికవాడు వచ్చి ఫొటో తీసి, ఎడిటరు ఒప్పుకుంటే తప్ప పక్క ఊరికి తెలిసేది కాదు. మధ్యలో ఒక గడప ఉండేది. నేను డెస్క్‌లో ఉన్న రోజుల్లో కూడా 'ఇది వేస్తే రేపు ఇంకొకడు చేస్తాడా?' అనే ప్రశ్న కనీసం ఎవరో ఒకరు అడిగేవారు. చాలాసార్లు రేటింగే గెలిచేది, అది వేరే కథ. ఇప్పుడు ఆ గడప లేదు. వీడియోను ఎవరికి చూపించాలో తేల్చేది ఒక లెక్కల యంత్రం. అది చూసేవి ఇలాంటివి: ఎన్ని సెకన్లు ఆగి చూశారు, మళ్లీ వెనక్కి తిప్పి చూశారా, కామెంట్ పెట్టారా, ఇంకొకరికి పంపారా. 'అద్భుతం బ్రో' అన్నదీ కామెంటే, 'నీకు పోయేకాలం వచ్చిందిరా' అన్నదీ కామెంటే. పైగా తిట్టేవాడు పొడుగ్గా రాస్తాడు, వచ్చిన జవాబులు చూడటానికి మళ్లీ వస్తాడు, 'చూశారా ఈ దరిద్రం' అని కుటుంబం గ్రూపులో పంచుతాడు. మెచ్చినవాడు ఒక లైక్ కొట్టి పోతాడు. యంత్రం దృష్టిలో ఎవరు మంచి గిరాకీ?

ఇది నా ఊహ కాదు. ఫేస్‌బుక్ 2017లో కోపం బొమ్మతో సహా ఎమోజీ రియాక్షన్లకు మామూలు లైక్ కంటే ఐదు రెట్లు విలువ కట్టింది. కోపం ఎక్కువగా వచ్చే పోస్టుల్లోనే అబద్ధాలూ చెత్తా ఎక్కువని వాళ్ల సొంత ఉద్యోగులే తేల్చారు. చివరికి 2020లో కోపం బొమ్మ విలువను సున్నా చేశారు. లోపలి పత్రాల ఆధారంగా 2021లో ఈ సంగతి బయటికి వచ్చింది. మరో పరిశోధన 2017 నాటిది. ట్విట్టర్‌లో అయిదు లక్షలకు పైగా సందేశాలను పరిశీలిస్తే, నీతిని భావోద్వేగాన్ని కలిపి చెప్పే మాట, అంటే 'సిగ్గుచేటు' వంటిది, ఒక్కొక్కటి చేరినకొద్దీ ఆ సందేశం పంచుకోవడం దాదాపు 20 శాతం చొప్పున పెరిగింది. స్టంట్లు చేసేవాళ్లలో ఎవరూ ఈ పరిశోధన చదివి ఉండరు. అవసరం లేదు. నాలుగు వీడియోలు పెడితే ఏది పరుగెత్తిందో వాళ్లకే తెలిసిపోతుంది.

మీకు తెలియాల్సిన లోపలి సంగతి ఇంకొకటి ఉంది. మీ రక్తం మరిగించే వీడియోల్లో చాలా భాగం నాటకం. అపరిచితుడిలా కనిపించే మనిషి చొక్కా కాలరు దగ్గర చిన్న మైకు ఉంటుంది. గొడవ మొదలవకముందే కెమెరా సరైన కోణంలో నిలబడి ఉంటుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది, నడిరోడ్డు మీద అది మామూలుగా సాధ్యం కాదు. అసలు పర్యవసానం రావాల్సిన చోట వీడియో టక్కున ఆగిపోతుంది. అదే 'బాధితుడు' మరో వీడియోలో షాపు యజమానిగా కనిపిస్తాడు. ఒక్కోసారి మీరు దిద్దుతారనే ఒక తప్పు కావాలని వదులుతారు: తప్పు లెక్క చెప్పడం, ఏదో ఒక వస్తువును తలకిందులుగా పట్టుకోవడం, పెద్దవాళ్లను ఏకవచనంతో పిలవడం. దిద్దడానికి దిగిన ప్రతివాడూ ఒక కామెంట్. ఈ రకం వీడియోల వల్ల ఎవరికీ దెబ్బ తగలదు గానీ, లోకం ఇలా ఉందన్న నమ్మకం మాత్రం బలపడిపోతుంది. మీరు చెప్పిన ముసలాయన వీడియో నేను చూడలేదు, అది ఏ రకమో చెప్పలేను.

నాటకం కానివాటి సంగతి భయంగానే ఉంటుంది. దానికి కారణం జెండా కర్ర మీది కెల్లీకి పట్టిన గతే. మొదటి వీడియో ఖాళీ వీధిలో తీస్తాడు, బాగా పోతుంది. రెండోది అలాంటిదే తీస్తే అంకెలు సగానికి పడిపోతాయి. చూసేవాళ్లకు అలవాటు పడిపోయింది కాబట్టి ఈసారి వీధిలో వాహనాలుండాలి, ఆ తర్వాత వేగంగా వచ్చే వాహనాలుండాలి. నేను చూసిన ఖాతాల్లో కిందినుంచి పైకి వరసగా చూసుకుంటూ పోతే ఈ మెట్లు స్పష్టంగా కనిపించేవి. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచ వార్తలను వెతికిన ఒక అధ్యయనం సెల్ఫీలు తీసుకుంటూ చనిపోయినవారు 259 మంది అని తేల్చింది. అన్నిటికంటే ఎక్కువ మరణాలు నీళ్లలో మునగడం వల్ల, ఆ తర్వాత వాహనాలూ రైళ్లూ, ఎత్తు నుంచి పడటం. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లు. వార్తల్లోకి ఎక్కినవే ఇవి.

అందరినీ ఒక గాటన కట్టకండి, అది మరో మాట. జనం దృష్టిని లాగడం దానంతట అదే నేరం కాదు. 2014లో నెత్తిన ఐసు నీళ్లు పోసుకున్న వీడియోలు గుర్తున్నాయా? చూడటానికి అదీ కోతి చేష్టే. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఒక్క సంఘానికే 11.5 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. 2022 అక్టోబరులో లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్‌గో పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద చమురు తవ్వకాలను వ్యతిరేకించే ఇద్దరు ఆందోళనకారులు సూపు విసిరారు. చిత్రానికి అద్దం ఉండటంతో బొమ్మకేమీ కాలేదు, ఫ్రేముకు నష్టం జరిగింది. దాన్ని మీరు తప్పనవచ్చు, నేనూ అంటాను, కానీ వాళ్లు చెప్పదలచుకున్న విషయం ఒకటుంది, శిక్షకు సిద్ధపడి అక్కడే కూర్చున్నారు. రైలుకు వేలాడేవాడితో కలిపి దాన్ని తిట్టడంలో అర్థం లేదు.

నేను చూసేది ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది. తన ఒంటి మీదే పడితే అది మూర్ఖత్వం, జాలిపడతాను. ఒప్పుకోని మనిషి మీద పడితే అది దౌర్జన్యం, దానికి ప్రాంక్ అనే పేరు పెట్టినంత మాత్రాన మారదు. అన్నిటికంటే హీనం పిల్లల మీద చేసేవి. 2017లో అమెరికాలో ఒక జంట తమ పిల్లల మీద అరుస్తూ, ఏడిపిస్తూ, 'ప్రాంక్' వీడియోలు పెట్టి లక్షల వ్యూస్ సంపాదించింది. చూసేవాళ్లు ఫిర్యాదులు చేశాక కేసు నడిచి, పిల్లల పట్ల నిర్లక్ష్యం నేరం కింద వాళ్లకు అయిదేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు నిఘా) పడింది. అక్కడ పనిచేసింది ఫిర్యాదు. ఆ వీడియోలకు కింద పోగుపడిన తిట్లు మాత్రం అంతకాలమూ వాళ్ల వ్యూస్‌కే కలిసొచ్చాయి.

ఇక నాలుగు తగిలించే మాట. జనం పట్టుకుని కొడితే ఆ కొట్టే వీడియో మొదటిదానికంటే రెట్టింపు పోతుంది. వాడు బాధితుడైపోతాడు, కొట్టినవాళ్ల మీద కేసు పడుతుంది. గుండు గీయించి, గుంజీలు తీయించి ఆ దృశ్యాన్ని వదలడం కూడా అంతే, అది కూడా ఒక షో. నాకు ఇష్టమైన శిక్ష 1975 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 4న లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్టు మధ్యలో ఒకడు బట్టల్లేకుండా పరుగెత్తి వికెట్ల మీంచి దూకాడు. 20 పౌండ్ల పందెం గెలిచాడు. మర్నాడు మేజిస్ట్రేటు సరిగ్గా ఆ 20 పౌండ్లే జరిమానా వేశాడు. ఉపన్యాసం లేదు, ఊరేగింపు లేదు, లాభం మాత్రం చేతిలో మిగల్లేదు. ఆ తర్వాత్తర్వాత క్రీడా ప్రసారాల్లో ఇలాంటివాడు మైదానంలోకి రాగానే కెమెరాను స్టాండ్స్ వైపో స్కోరుబోర్డు వైపో తిప్పేయడం అలవాటుగా మారింది. మైదానంలో ఉన్నవాళ్లు చూస్తారు, ఇంట్లో ఉన్న కోట్లమంది చూడరు. దాంతో ఆ పని పూర్తిగా ఆగిపోలేదు గానీ, చేసి సాధించేదేమిటో తగ్గిపోయింది.

ఇప్పటి రోజులకు దీన్ని సరిపోల్చాలంటే ట్రెవర్ జేకబ్ కేసు ఉంది. 2021 నవంబరులో ఈ యూట్యూబర్ తన చిన్న విమానానికి అక్కడక్కడా కెమెరాలు బిగించి, వీపున పారాచూట్‌తో ఎగిరాడు. ఇంజిను ఆగిపోయిందని చెప్పి కిందికి దూకేశాడు. విమానం కాలిఫోర్నియా అడవిలో కూలింది. స్పాన్సర్ డబ్బు కోసం కావాలని కూల్చినది అది. తర్వాత శకలాలను రహస్యంగా తరలించి ముక్కలు చేయించాడు. మరుసటి ఏడాది లైసెన్సు పోయింది, 2023 డిసెంబరులో ఆరు నెలల జైలు పడింది. దర్యాప్తును తప్పుదోవ పట్టించడమే అక్కడ అసలు నేరం. లైసెన్సు, డబ్బు, ఖాతా: పోయినప్పుడు నొప్పి తెలిసేవి ఇవే. యూట్యూబ్ కూడా 2019 జనవరిలో ప్రాణాపాయం కలిగించే ఛాలెంజ్‌లనూ, పిల్లలను మానసికంగా కుంగదీసే ప్రాంక్‌లనూ నిషేధిస్తున్నట్టు స్పష్టం చేసింది. అమలు సగం సగమే, లోపల ఉండి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. కానీ ఫిర్యాదు సరైన విభాగంలో వస్తే మనిషి కంటపడే అవకాశం పెరుగుతుంది. 'నాకు నచ్చలేదు' అని పంపితే ఎటూ పోదు. ప్రమాదకర చర్య, వేధింపు, పిల్లల భద్రత, వీటిలో ఏదో ఎంచుకుని, వీడియోలో ఎన్నో నిమిషంలో ఉందో రాయండి.

'అందరూ కలిసి రిపోర్ట్ కొట్టండి' అని లింకు మాత్రం పంచకండి. వందమందికి పంపితే తొంభైమంది చూసి ఊరుకుంటారు. హెచ్చరించాల్సి వస్తే జరిగింది రెండు వాక్యాల్లో మీ మాటల్లో చెప్పండి, పేరూ ఖాతా లేకుండా. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిపినవాడి పేరు తన నోట రాదని అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ప్రకటించారు. అంతటి ఘోరం గురించే పేరెత్తకుండా మాట్లాడగలిగినప్పుడు, నీళ్లు కుమ్మరించిన వెధవ గురించి మనం మాట్లాడలేమా? మీ కళ్ల ముందే జరుగుతుంటే ఫోను తీయకండి. నీళ్లు పడిన మనిషి దగ్గరికి వెళ్లి 'బాగున్నారా' అని అడగండి, కెమెరాకు వీపు పెట్టి నిలబడండి. ప్రమాదమైతే పోలీసులకు ఫోన్ చేయండి.

'అందరూ ఇలాగే తయారయ్యారు' అనే మాట మీరు మానాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. అమెరికాలోని అరిజోనాలో శిలగా మారిన పురాతన చెట్ల పార్కు ఒకటుంది, సందర్శకులు ముక్కలు జేబులో వేసుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చియాల్డినీ బృందం అక్కడ బోర్డులు మార్చి చూసింది. 'దయచేసి ముక్కలు తీయకండి' అన్న బోర్డు ఉన్నప్పుడు, బృందం ముందే గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో 1.67 శాతం పోయాయి. 'చాలామంది తీసుకుపోవడంతో పార్కు పాడైపోతోంది' అని వాపోయిన బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం పోయాయి. వాపోవడం వినేవాడి చెవికి 'అందరూ తీస్తున్నారు, నేనెందుకు ఊరుకోవాలి' అన్నట్టు చేరింది. పదహారేళ్ల కుర్రాడి ముందు కూర్చుని 'ఈ కాలం పిల్లలంతా ఇంతే' అని రోజూ అంటుంటే మనం చేస్తున్నదీ ఆ రెండో బోర్డు పనే. నిజానికి వాడి క్లాసులో ఇలాంటివి చేసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాడికి తెలియాల్సింది ఆ లెక్క.

ఇక వాడి సంగతి. 'చేస్తా చూడు' అని మీకు ముందే చెప్పాడంటే వాడు ఇంకా ఊగిసలాటలో ఉన్నాడు. నిజంగా తెగించినవాడు చెప్పడు. 'నీకంత దమ్ము లేదులే' అని ఎగతాళి చేయకండి, సవాలు చేసినట్టవుతుంది. ఫోను లాక్కోవడం కూడా పెద్దగా పనికిరాదు, తీసేది ఎలాగూ పక్కవాడి ఫోనుతోనే. అందుకే ముందు తీసేవాడెవడో కనుక్కోండి. ఇలాంటివి ఒంటరిగా జరగవు, 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటూ కెమెరా వెనక ఒక స్నేహితుడుంటాడు. వాణ్ని కూడా ఇంటికి పిలిచి ఇద్దరితో కలిపి మాట్లాడండి, వాడి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. తర్వాత మీవాణ్ని ప్లాను పూర్తిగా వివరించమనండి: ఎక్కడ, ఎన్ని గంటలకు, జారితే ఏం చేస్తావు, రెండో వీడియోలో ఏం చేస్తావు. ఈ చివరి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు. నలుగురూ చూడాలన్న కోరిక తప్పేమీ కాదని కూడా వాడితో అనండి. కష్టపడి నేర్చుకోవాల్సిన విద్య ఏదైనా, డ్యాన్సో సైకిలు విన్యాసమో, సరైన చోట శిక్షణతో చేస్తానంటే మీరే వీడియో తీసిపెట్టండి. వాడు చెప్పిన ప్లానులో రైలు, ఎత్తు, లోతు నీళ్లు, కదిలే వాహనం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం మాటలతో సరిపెట్టుకోకండి. మీ అక్కకు ఇవాళే చెప్పి, వాడు అనుకున్న ఆ పూటంతా ఎవరో ఒక పెద్దవాళ్లు వాడి పక్కనే ఉండేలా చూడండి.